కుడివైపు నుంచి మొదటిది

1988 నవంబరు ఒకటో తేదీన శ్రీమతి దలెందా మెజ్రీ గారు సిలియానాలోని మన అటవీ జీవజాల కేంద్రంలో సహాయ పరిశోధకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి కేంద్రానికి రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, వాన పడితే కారే కప్పు తప్ప మరేమీ లేవని పెద్దలు చెబుతారు. ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఆమె పదవీ విరమణ చేస్తున్న ఈ సందర్భంలో, ప్రత్యేక సంచిక సంపాదకవర్గం వారు ఆమె కృషిని గురించి రెండు పుటలు రాయవలసిందిగా నన్ను ఆదేశించారు. ఒక ఛాయాచిత్రం కూడా జతపరచమన్నారు. ఛాయాచిత్రం ఇచ్చాను. రెండు పుటల హద్దు మాత్రం పాటించలేకపోయాను. ఆమె సేవలను కీర్తించడంతో పాటు, ఇరవై ఏడేళ్లుగా దాచిన ఒక విషయం చెప్పవలసి ఉంది.

ఉద్యోగరీత్యా ఆమెకు అప్పగించిన పని పైన్ చెట్లను తొలిచే పురుగుల పరిశీలన. ఆ పనిని ఏ లోపమూ లేకుండా నిర్వర్తిస్తూనే, ఎవరూ అడగని మరొక పనిని ఆమె తలకెత్తుకున్నారు. ఏడాదిలో అయిదు నెలలు చినుకు ఎరుగని జెబెల్ గర్సా కొండమీది పైన్ అడవిలో, రాలిన ఆకుల కింద, రాళ్ల నెర్రెల్లో నల్లటి సహస్రపాదులు ఉన్నాయి. ఇంట్లో మనం రోకలిబండలని తిట్టి చీపురుతో అవతలికి నెట్టే జీవులే అవి. ఆ కొండ మీది రోకలిబండ శాస్త్రలోకం ఎరిగినది కాదని, ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరంలోనే ఆమెకు అనుమానం కలిగింది.

అనుమానం నిరూపణ కావాలంటే మగజీవి కావాలి. ఈ జాతులన్నీ పైకి ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఎదిగిన మగదాని ఏడవ వలయం మీద, జతకట్టడం కోసం రూపు మారిన రెండు చిన్న అంగాలుంటాయి. జాతికీ జాతికీ తేడా ఆ రెండింటిలోనే కనిపిస్తుంది. మగవి ఎదిగి తిరిగేది శరత్తులో పడే తొలి వానల తర్వాత రెండు వారాలు మాత్రమే. ఎనిమిదేళ్లపాటు ప్రతి శరదృతువులోనూ ఆమె ఆ కొండ ఎక్కారు, ప్రతిసారీ ఆడవాటితోనూ పిల్లలతోనూ తిరిగివచ్చారు. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే, లెల్లా అని గౌరవంగా పిలుస్తూనే, కేంద్రమంతా ఒకటే పరాచికం.

"ఏం లెల్లా, పెళ్లికొడుకు దొరికాడా?"

"ఇంకా లేదు. కట్నం చాలదంటున్నాడు," అని ఆమె నవ్వేసి బూట్లు దులుపుకునేవారట.

1996 నవంబరు పదిహేడున పెళ్లికొడుకు దొరికాడు. ఒకే ఒక్కడు. ఆ మర్నాడు ఆమె అందరికీ ఖర్జూరం పెట్టి చేసిన మక్రూద్ మిఠాయిలు పంచారు. చలికాలమంతా కూర్చుని, ఆ మగదాన్నీ, అదే కొండ మీద దొరికిన సాధారణ జాతి మగదాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటి అంగాలను విడదీసి, ఒక్కొక్క ముల్లునూ బొమ్మ గీశారు. ఆ బొమ్మలు నేడు మన ప్రవేశమందిరంలో చట్రం కట్టి ఉన్నాయి. విడదీసిన భాగాలను గోరంత గాజుసీసాలలో పెట్టి, దూది బిగించి, ఆ సీసాలను మళ్లీ శరీరాలున్న స్పిరిట్ గొట్టాలలోనే ఉంచారు. ఒకసారి మూసిన గొట్టాన్ని అవసరం లేకుండా తెరవకూడదన్నది ఆమె నియమం. తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి విరుగుతుందనేవారు.

నేను కేంద్రంలో చేరింది 1997 ఫిబ్రవరిలో. అంతకు ముందు నాలుగేళ్లు పురపాలక సంఘం దస్త్రాల గదిలో పనిచేశాను. అక్కడ పుస్తకాలన్నీ అరబ్బీలో ఉండేవి. పుట కుడినుంచి తెరుచుకునేది, వరుస కుడినుంచి మొదలయ్యేది, బీరువాలో మొదటి దస్త్రం కుడిచివర ఉండేది. దలెందా గారి చదువూ రాతా ఫ్రెంచిలో. ఆమె ప్రపంచం ఎడమనుంచి మొదలవుతుంది. ఒకే ఊళ్లో పుట్టిన మా ఇద్దరి మధ్య ఇంత తేడా ఉందని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఏప్రిల్ రెండో వారంలో ఆమె గొట్టాలను కొయ్యస్టాండులో నిలబెట్టి, పెన్సిలుతో రాసిన చిట్టీలను నా చేతికిచ్చారు.

"మొదటిది కొత్తది, రెండోది మామూలుది. పక్క స్టాండులోవి ఆడవి. చిట్టీలు లోపల వేసి మూతలు బిగించు తమ్ముడూ, నేను డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లొస్తా."

వేశాను. మొదటినుంచే వేశాను, కుడిచివరనుంచి. ఆడవి కూడా అదే స్టాండులో ఉండి ఉంటే, మగవాటి చిట్టీలు ఆడవాటి గొట్టాల్లో కనిపించి ఆమె వచ్చి చూడగానే తెలిసేది. కానీ ఆ రోజు స్టాండులో ఉన్నవి రెండు గొట్టాలే. ఆడవి పక్క స్టాండులో ఉన్నాయి. లోకంలో ఒక్కటే అయిన మగజీవి గొట్టంలోకి 'సాధారణ జాతి' అన్న చిట్టీ వెళ్లింది. సాధారణ జాతి గొట్టంలోకి 'ఆధార నమూనా' అన్న చిట్టీ వెళ్లింది. ఆధార నమూనా అంటే కొత్త పేరంతా ఏ ఒక్క జీవి మీద నిలబడుతుందో ఆ జీవి.

ఆ నెలాఖరులో మక్తర్ ఊరి ఉన్నత పాఠశాల లైసే నుంచి జీవశాస్త్ర ఉపాధ్యాయులు సీ ఖెమాయిస్ గారు తరగతి అలమరలో పెట్టుకోవడానికి కొన్ని నమూనాలు అడిగారు. "ఆ మామూలు మగదాన్ని ఇచ్చెయ్, దాంతో నా పని అయిపోయింది," అన్నారు దలెందా గారు. ఇచ్చేశాను. కొత్త జాతిని ప్రకటిస్తూ దలెందా గారు రాసి పంపిన పరిశోధన పత్రాన్ని పరిశీలించే విదేశీ పండితుడు ఆధార నమూనాను తన కళ్లతో చూడాలన్నారు. ఆ గొట్టాన్ని నేనే పత్తిలో చుట్టి పంపాను.

జూన్ తొమ్మిది, సోమవారం, ఆ పండితుని ఉత్తరం వచ్చింది. పన్నెండు వాక్యాల ఉత్తరం. పంపిన జీవి నూరేళ్లుగా అందరూ ఎరిగిన సాధారణ జాతి అని, పత్రంలోని బొమ్మకూ ఈ జీవికీ ఏ సంబంధమూ లేదని, లేని అంగాన్ని గీసినవారు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. ఆ ఉత్తరం నకలు ఒకటి మన డైరెక్టరు బెల్‌హసెన్ గారికి కూడా పంపారు. దొంగబొమ్మ గీసిందన్న మాట అందులో లేదు కానీ, ఉన్న మాటలన్నిటికీ అర్థం అదే. పది రోజుల్లో, అంటే పంతొమ్మిదో తేదీన, విచారణ సంఘం ముందు హాజరు కావలసిందిగా దలెందా గారికి ఉత్తర్వు అందింది. నింద రుజువైతే పత్రం పోతుంది, పేరు పోతుంది, ఆపైన ఆమె రాసే ఏ అక్షరాన్నీ ఎవరూ నమ్మరు.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"చిట్టీలు సరిగ్గానే వేశావుగా జుహేర్?"

"మీరు చెప్పిన వరుసలోనే వేశాను లెల్లా," అన్నాను. అప్పటికి అది నా వరకు నిజమే.

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఖాళీ స్టాండు ముందు కూర్చున్నాను. ఆనాడు చేసినట్లే చేసి చూద్దామని చెయ్యి చాచాను. చెయ్యి కుడిచివరకు వెళ్లింది. ఎక్కడ తప్పు జరిగిందో, ఆ మగజీవి ఇప్పుడెక్కడుందో, రెండూ ఒక్క క్షణంలో తెలిసిపోయాయి.

మర్నాడు పొద్దున్నే చెప్పాలనుకున్నాను. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ వారమే డైరెక్టరు గారి బల్ల మీద ఉంది. చెబితే ఆ కాగితం అక్కడే చిరిగిపోతుందని భయపడ్డాను. ఒక రోజు ఆగుదామనుకున్నాను. ఆమె తానే కనిపెడతారులే అనుకున్నాను. అలా తొమ్మిది రోజులు గడిచాయి. ఇది పొరపాటు కాదు, పిరికితనం. దానికి ఇంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు.

నా మాట నమ్మినందువల్ల ఆమె చిట్టీలను అనుమానించడం మానేసి తనను తాను అనుమానించుకోవడం మొదలుపెట్టారు. "భాగాలు విడదీసేటప్పుడు నా చేతులే పొరపడ్డాయేమో," అన్నారు మంగళవారం. "నేను చూసింది చూశానా, చూడాలనుకున్నది చూశానా?" అన్నారు బుధవారం. గురువారం తెల్లవారుతూనే ట్రక్కులో జల్లెడలు వేయించి, ఇంకొక మగదాన్ని పట్టుకొద్దాం పదమన్నారు. జూన్ నెలలో ఆ కొండ మీద ఎదిగిన మగది దొరకదని అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. అడవి కాపలావాళ్లు మమ్మల్ని చూసి, ఈ ఎండల్లో ఏం దొరుకుతుందని నెత్తి కొట్టుకున్నారు.

మూడు రోజులు వెతికాం. నలభై ఒక్క డిగ్రీల ఎండ. ఆమె మోకాళ్ల మీద పాకుతూ రాళ్లు తిరగేసేవారు, ఆకుచెత్తను గుప్పిళ్లతో తీసి నా జల్లెడలో పోసేవారు. నేను జల్లించేవాణ్ణి. దొరికినవన్నీ చచ్చిపోయి తెల్లబడిన వలయాలు, దారం తెగిన దండలోంచి పూసలు రాలినట్లు. మూడోనాటికి ఆమె అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. వెతుకుతున్నది ఆ కొండ మీద లేదనీ, నలభై కిలోమీటర్ల అవతల లైసే అలమరలో ఉందనీ తెలిసి కూడా నేను ఆ జల్లెడ ఊపుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం నీడలో తబూనా రొట్టె తుంచి, హరీసా మిరపకారం అద్ది నా చేతిలో పెట్టారు. నేను దాన్ని చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"తినవేం? నిద్ర కూడా పోతున్నట్టు లేవు. నీ ఉద్యోగం గురించేనా?"

నేను రొట్టెను జల్లెడ అంచు మీద పెట్టాను.

"దానికి భయపడకు తమ్ముడూ. నీ గురించి మంచిగానే రాసిచ్చాను. నా గొడవకూ నీ కాగితానికీ సంబంధం లేదు."

అప్పుడైనా చెప్పవలసింది. నేను లేచి జల్లెడ అందుకున్నాను.

పద్దెనిమిదో తేదీ బుధవారం, విచారణకు ముందురోజు, మూడు గంటల వేళ డైరెక్టరు గారు ఆమె గదికి వచ్చారు. సంజాయిషీ ఎలా రాయాలో మాట్లాడుకుంటున్నారు. నేను టీ తెచ్చాను. ఆ ఏడాది వైద్యులు ఆమెకు చక్కెర మానిపించారు. పైన్ గింజలు వేసిన మూడు గ్లాసులూ పళ్లెంలో వరుసగా పెట్టి, "మొదటిది మీది లెల్లా, చక్కెర లేదు," అన్నాను. ఆమె ఎడమచివరి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగారు. ఆగిపోయారు.

"ఇది పానకంలా ఉందే."

"అది కాదు, మొదటిది," అని నేను కుడిచివరి గ్లాసు చూపించాను.

ఆమె గ్లాసు కింద పెట్టలేదు. నా వేలునే చూస్తున్నారు. స్టాండు ముందు ఎంతో జాగ్రత్తగా ఉంటున్న నా చెయ్యి టీ పళ్లెం దగ్గర దాచుకోవడం మరిచిపోయింది. డైరెక్టరు గారు ఏమీ తెలియక, "ఏదైతేనేం, నాకివ్వండి, నేను తాగుతాను," అన్నారు.

ఆమె నన్ను వరండాలోకి తీసుకువెళ్లారు. గొంతు చాలా తగ్గించి అడిగారు.

"ఏప్రిల్లో ఆ చిట్టీలు ఎటునుంచి వేశావు?"

"కుడినుంచి లెల్లా."

"నీకు ఇప్పుడే తెలిసిందా?"

"ఇప్పుడే," అన్నాను.

ఆమె నమ్మారు. "నేను ఎటునుంచో చెప్పలేదు కదా, తప్పు నాదే," అని ట్రక్కు తాళాలు అందుకున్నారు. మక్తర్ దాకా తానే నడిపారు. లైసేలో సెలవుల ముందు శుభ్రపరిచే పని సాగుతోంది. జీవశాస్త్ర తరగతి బల్లలన్నీ ఆరుబయట ఉన్నాయి, అలమర తలుపులు తెరిచి ఉన్నాయి, కింది అరలు ఖాళీ. సీ ఖెమాయిస్ గారు చెమట తుడుచుకుంటూ వచ్చారు.

"రోకలిబండా? ఉందండీ, పై అరలో. ఏం లెల్లా, ఇచ్చిన కానుక వెనక్కి తీసుకుంటారా?"

ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన గబగబా స్టూలెక్కి గొట్టం దించారు. అందులో స్పిరిట్ చుక్క లేదు. మూత సడలింది. జీవి నల్లగా ఎండి గాజుకు అంటుకుంది. లోపలి చిన్నసీసా పక్కకు ఒరిగి ఉంది.

"అయ్యో, ఆవిరైపోయిందే. మొన్న గురువారం చూసినప్పుడు సగం దాకా ఉందండీ. ఈ ఎండలు అలా ఉన్నాయి మరి."

మొన్న గురువారం అంటే మేం కొండ మీద మొదటి జల్లెడ ఊపిన రోజు. ఆ మాట అక్కడ నా ఒక్కడికే తగిలింది.

దలెందా గారు కిటికీ దగ్గరికి వెళ్లి, సన్నని పట్టకారుతో దూది అంచు పట్టుకున్నారు. ఎండిన దూది అంగాలకు అతుక్కుపోయింది. ఆమె లాగలేదు. సీసాలోకి చుక్క చుక్కగా స్పిరిట్ వదిలి, మెత్తబడేదాకా నిలబడ్డారు. గోడగడియారంలో ఇరవై నిమిషాలు గడిచాయి. దూది బయటికి వచ్చింది. దానితో పాటు ఎడమ అంగం కూడా వచ్చింది, మూడు ముక్కలై. కుడిది సీసా అడుగున ఉంది. ఆమె భూతద్దం కంటికి ఆనించుకుని చూశారు. ఆ తర్వాత గోడకు చేరగిలబడ్డారు.

"ఇదే," అన్నారు. "కొంచెం మంచినీళ్లిప్పించండి సీ ఖెమాయిస్."

మర్నాడు విచారణలో సంఘంవారు అడిగినది ఒకే ప్రశ్న. చిట్టీలు ఎవరు వేశారు? తలుపు పక్కన సాక్షిగా నిలబడిన నేను నోరు తెరిచేలోగానే ఆమె జవాబు చెప్పారు. "పత్రం నాది, చిట్టీలు నావి. తారుమారు చేసింది నేనే." కుడి అంగం బొమ్మతో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. విదేశీ పండితుడు మర్యాదగా క్షమాపణ చెప్పుకున్నారు. ఆ శిశిరంలోనే పత్రం అచ్చయింది, సహస్రపాదికి ఆమె ఆ కొండ పేరే పెట్టారు. కానీ నిర్లక్ష్యానికి గాను ఆమె సేవాపుస్తకంలో మందలింపు నమోదైంది. మరుసటి ఏడాది రావలసిన శాఖాధిపతి పదవి రెండుసార్లు చేజారి 2003లో గాని ఆమెను చేరలేదు. నా ఉద్యోగం జూలై ఒకటిన ఖాయమైంది.

తదనంతర కాలంలో ఆమె సాధించినవి మీ అందరికీ విదితమే. జెబెల్ గర్సా అడవి రక్షిత ప్రాంతంగా ప్రకటితమైనా, నమూనాల భాండాగారానికి కొత్త భవనం లేచినా, ఎందరో యువ పరిశోధకులు మన గడప నుంచి విశ్వవిద్యాలయాలకు వెళ్లినా, వాటన్నిటి వెనుక ఆమె పట్టుదల ఉంది. ఆమె భర్త సీ మొంసెఫ్ గారూ, కుమార్తె ఈనెస్ కూడా ఆమె సెలవు దినాలను కొండకు వదులుకుని ఈ కృషిలో భాగస్వాములయ్యారు. వారికి కేంద్రం ఋణపడి ఉంది.

ఆ జూలై నుంచే మన స్టాండులన్నిటికీ ఎడమచివర ఎర్రచుక్క పెట్టడం మొదలైంది. కొత్తగా చేరినవారు ఆ చుక్క ఎందుకని అడిగితే, లెల్లా దలెందా ఒకసారి వరుస తప్పారని, అందుకని పెట్టారని చెప్పడం ఆనవాయితీ. భాండాగారం బాధ్యుడిగా ఈ ఇరవై ఏడేళ్లలో నేనూ అదే చెప్పాను, నవ్వుతూ చెప్పాను. ప్రతి ఏటా ఆధార నమూనాకు స్పిరిట్ మార్చేది నేనే. ప్రపంచంలో ఎవరు ఆ జీవిని తెప్పించుకున్నా, పక్కన జతచేసిన కాగితంలో 'ఎడమ అంగం భగ్నం' అన్న మాట చదువుతారు. మొదటిరోజే నేను నోరు విప్పి ఉంటే గొట్టంలో స్పిరిట్ ఉండేది, ఆ మాట రాయవలసిన పని ఉండేది కాదు. ఆమె అరచేతులు చిట్లేవి కావు.

చిట్టీలు నేను వేశానని ఆమెకు తెలుసు. తెలిసే ఆ నింద మోశారు. ఆమెకు తెలియనిది మిగతాది. రేపటినుంచి పక్కగదిలో ఆమె ఉండరు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఈనాటికీ లేదు గనుక, మీ అందరి సమక్షంలో, ఆమె భర్తా బిడ్డా చదివే ఈ పుటలో రాస్తున్నాను. లెల్లా, నీకు ఇప్పుడే తెలిసిందా అని వరండాలో అడిగారు. కాదు. ఉత్తరం వచ్చిన సాయంత్రమే తెలుసు. కొండ మీద మీరు రొట్టె తుంచి పెట్టినప్పుడు కూడా తెలుసు.

శ్రీమతి దలెందా మెజ్రీ గారికి భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, చెదరని చూపునూ, కొండ ఎక్కే సత్తువనూ ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను. నా మీద కోపం తెచ్చుకోవడానికీ, దాన్ని తీరిగ్గా తీర్చుకోవడానికీ, ఆ పైన మనసొప్పితే నన్ను మళ్లీ తమ్ముడూ అని పిలవడానికీ చాలినంత నిండు ఆయుష్షు ఆమెకు కలగాలని కోరుకుంటున్నాను.